బ్యాకప్‌కు ‘పర్మిషన్ లేదు’: అన్నది ఎవరు, ఎవరిని?

ఈ నెల కంప్యూటర్ ప్రశ్నలన్నీ దాదాపు ఒకే గడప దగ్గర ఆగాయి. డేటాబేస్ నడుస్తోంది, బిల్లులు పడుతున్నాయి, బ్యాకప్ తీయబోతే మాత్రం ‘యాక్సెస్ డినైడ్’. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే. ఒక మనవి: ఆదేశాలు, ఫోల్డర్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో అచ్చువేస్తున్నాం. కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి.

ప్రశ్న: మాది మిర్యాలగూడలో రైస్ మిల్లు. ధర్మకాంటా తూకాలు, బిల్లులు ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 ఎక్స్‌ప్రెస్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. డెస్క్‌టాప్ మీద ‘బ్యాకప్’ అని ఫోల్డర్ పెట్టి అందులోకి తీద్దామంటే ‘క్యాన్‌నాట్ ఓపెన్ బ్యాకప్ డివైస్... ఆపరేటింగ్ సిస్టమ్ ఎర్రర్ 5’ అని వస్తోంది. కంప్యూటర్‌కు అడ్మినిస్ట్రేటర్‌ను నేనే. అదే ఫోల్డర్ల నోట్‌ప్యాడ్ ఫైలు సేవ్ అయితుంది, బ్యాకప్ మాత్రం అయితలేదు.

జవాబు: నోట్‌ప్యాడ్‌తో చూడటం మంచి ఆలోచనే కానీ, అది పరీక్షించింది మిమ్మల్ని. బ్యాకప్ ఫైలు రాసేది మీరు కాదు, వెనకాల నడిచే ఎస్‌క్యూఎల్ సర్వర్ సర్వీసు. యజమాని జేబులో అన్ని తాళాలూ ఉండొచ్చు, గోదాం తాళం హమాలీకి ఇవ్వకపోతే బస్తా బయటే ఉంటుంది. మీరు లాగిన్ అయిన పేరుతో విండోస్‌కు ఇక్కడ పని లేదు. సర్వీసు ఏ ఖాతాతో నడుస్తోందో ఆ ఖాతాకు ఫోల్డర్‌లో రాసే హక్కు ఉందా అన్నదే చూస్తుంది.

ఆ ఖాతా ఏదో ముందు తెలుసుకోండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ‘సర్వీసెస్.ఎమ్ఎస్‌సీ’ కొట్టండి. జాబితాలో ‘ఎస్‌క్యూఎల్ సర్వర్ (ఎస్‌క్యూఎల్ఎక్స్‌ప్రెస్)’ మీద డబుల్ క్లిక్ చేసి ‘లాగ్ ఆన్’ ట్యాబ్ చూడండి. ఎక్స్‌ప్రెస్‌ను మామూలుగా ఇన్‌స్టాల్ చేసి ఉంటే అక్కడ ‘ఎన్‌టీ సర్వీస్\ఎమ్ఎస్ఎస్‌క్యూఎల్$ఎస్‌క్యూఎల్ఎక్స్‌ప్రెస్’ అని ఉంటుంది. డెస్క్‌టాప్ అన్నది మీ యూజర్ ప్రొఫైల్ లోపలి భాగం. అందులోకి మీకు, సిస్టమ్‌కు, అడ్మినిస్ట్రేటర్లకు తప్ప ఇంకెవరికీ దారి ఉండదు. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ కూడా అంతే.

కాబట్టి ఫోల్డర్‌ను ప్రొఫైల్ బయట పెట్టండి, డీ డ్రైవులో ‘ఎస్‌క్యూఎల్‌బ్యాకప్’ అనుకుందాం. దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, ఎడిట్, యాడ్. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ‘అడ్వాన్స్‌డ్’లోకి వెళ్లి వెతికితే ఆ సర్వీసు ఖాతా జాబితాలో కనపడదు. ‘లొకేషన్స్’ నొక్కి మీ కంప్యూటర్ పేరు ఎంచుకుని, ఖాళీ పెట్టెలో పైన చెప్పిన పేరు పూర్తిగా, డాలర్ గుర్తుతో సహా కొట్టి ‘చెక్ నేమ్స్’ నొక్కండి. పేరు కింద గీత పడితే దొరికినట్టు. ‘మాడిఫై’ టిక్ చేస్తే చాలు, ‘ఫుల్ కంట్రోల్’ అక్కర్లేదు. ‘ఎవ్రీవన్’కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేయమని ఎవరైనా చెబితే వినకండి. పని అయిపోతుంది, నిజమే. కానీ ఆ కంప్యూటర్‌లో ఖాతా ఉన్న ప్రతి ఒక్కరూ మీ బ్యాకప్‌ను చెరిపేయగలరు, ఆ ఖాతాల్లో దూరిన వైరస్‌లు కూడా.

హక్కు ఇచ్చాక కూడా ఎర్రర్ 5 వస్తే రెండు చూడండి. అదే పేరుతో పాత ‘.బ్యాక్’ ఫైలు ఉండి దానికి ‘రీడ్ ఓన్లీ’ టిక్ ఉందేమో. లేదా ఆ పాత ఫైలును అదే డ్రైవులో ఇంకో ఫోల్డర్ నుంచి కట్-పేస్ట్ చేశారేమో. అలా జరిపిన ఫైలు పాత చోటి హక్కులనే వెంట తెచ్చుకుంటుంది, కొత్త ఫోల్డర్‌కు మీరిచ్చినవి దానికి అంటవు. ఇక ఎర్రర్ నంబరు 5 కాకుండా 3 అయితే అది హక్కుల గొడవే కాదు, దారి తప్పు. పెన్‌డ్రైవ్ అక్షరం ఈ నుంచి ఎఫ్‌కు మారినప్పుడు వచ్చేది ఇదే.

రోజూ దానంతటదే జరగాలంటే, ఎక్స్‌ప్రెస్‌లో వేళకు పనులు నడిపే ఎస్‌క్యూఎల్ ఏజెంట్ ఉండదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ‘ఎస్‌క్యూఎల్‌సీఎమ్‌డీ’ (డేటాబేస్‌కు ఆదేశం పంపే ప్రోగ్రామ్) పెట్టుకోవాలి. అప్పుడు రెండు ఖాతాలు రంగంలోకి వస్తాయి. బ్యాకప్ తియ్యమని అడిగేది టాస్క్ ఖాతా, ఫైలు రాసేది సర్వీసు ఖాతా. టాస్క్‌ను ‘సిస్టమ్’ పేరు మీద పెడితే 262 లేదా 916 నంబరు ఎర్రర్ రావచ్చు. అది డేటాబేస్ లోపలి నిరాకరణ, ఫోల్డర్‌ది కాదు. ఆ ఖాతాను డేటాబేస్‌లో యూజర్‌గా చేర్చి ‘డీబీ_బ్యాకప్‌ఆపరేటర్’ రోల్ ఇవ్వండి, ‘సిస్‌అడ్మిన్’ వద్దు. ఆదేశం చివర ‘-బీ’ స్విచ్ తప్పకుండా పెట్టండి. అది లేకపోతే బ్యాకప్ విఫలమైనా టాస్క్ షెడ్యూలర్‌లో ‘విజయవంతం’ అనే కనిపిస్తుంది.

ప్రశ్న: సూర్యాపేటలో హోల్‌సేల్ కిరాణా. బ్యాకప్ ఇంకో కంప్యూటర్‌లోకి పోవాలని నెట్‌వర్క్ ఫోల్డర్‌ను జెడ్ డ్రైవుగా పెట్టుకున్నాం. మై కంప్యూటర్‌లో జెడ్ కనిపిస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు కనిపించదు. ఎందుకు?

జవాబు: జెడ్ డ్రైవు మీ లాగిన్‌కు సొంతం. సర్వీసు వేరే సెషన్‌లో నడుస్తుంది, దాని దృష్టిలో జెడ్ అన్నదే లేదు. రెండు వెనుక గీతలతో మొదలయ్యే పూర్తి దారి, అంటే కంప్యూటర్ పేరు, షేర్ పేరు ఇస్తే ఒక అడుగు ముందుకు పడుతుంది. అంతలో రెండో అడ్డు. ‘ఎన్‌టీ సర్వీస్’ ఖాతా కేబుల్ దాటి బయటికి వెళ్లేటప్పుడు సొంత పేరుతో వెళ్లదు, కంప్యూటర్ పేరు చివర డాలర్ గుర్తు తగిలించుకుని వెళుతుంది. డొమైన్ (అన్ని కంప్యూటర్ల ఖాతాలూ ఒకేచోట ఉండే ఏర్పాటు) ఉన్న ఆఫీసులో ఆ పేరుకు షేర్‌లో హక్కు ఇవ్వొచ్చు. దుకాణాల్లో ఉండేది మామూలు వర్క్‌గ్రూపే కాబట్టి అవతలి కంప్యూటర్ ఆ పేరును గుర్తుపట్టదు.

రెండు కంప్యూటర్లలోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో ఖాతా చేసి సర్వీసును దానికి మార్చే పద్ధతి ఉంది. మార్చితే ‘ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్’ నుంచే మార్చాలి, సర్వీసెస్ కిటికీ నుంచి కాదు. కానీ మీకు అంత తంటా ఎందుకు? బ్యాకప్‌ను అదే కంప్యూటర్‌లో తీసి, పది నిమిషాల తర్వాత ఇంకో టాస్క్‌తో ‘రోబోకాపీ’ (ఫైళ్లను నకలు తీసే విండోస్ ఆదేశం) చేయించండి. అవతలి కంప్యూటర్‌లో షేర్ హక్కు, సెక్యూరిటీ ట్యాబ్ హక్కు రెండూ ఉండాలి. రెండింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసు నుంచి. అడ్మిషన్ల డేటా మైఎస్‌క్యూఎల్‌లో ఉంది. 8.0లో కొత్త వెర్షన్ వేసినప్పటి నుంచి మైఎస్‌క్యూఎల్‌డంప్ (బ్యాకప్ ఫైలు తీసే ప్రోగ్రామ్) ‘యు నీడ్ ది ప్రాసెస్ ప్రివిలేజ్... వెన్ ట్రైయింగ్ టు డంప్ టేబుల్‌స్పేసెస్’ అంటోంది. ఇంతకుముందు ఇదే యూజర్‌తో బాగానే వచ్చేది. అన్ని హక్కులూ ఉన్న రూట్ ఖాతాతో బ్యాకప్ తీయమంటారా?

జవాబు: రూట్ వద్దు. మీ యూజర్‌కు ఏమీ కాలేదు, నియమం మారింది. 8.0.21 నుంచి (5.7 వాడేవాళ్లకు 5.7.31 నుంచి) టేబుల్‌స్పేస్ (టేబుళ్లు డిస్కులో ఉండే చోటు) వివరాలు చదవాలంటే ‘ప్రాసెస్’ అనే హక్కు కావాలి. ఆ హక్కు ఒక్క డేటాబేస్‌కు ఇచ్చేది కాదు, మొత్తం సర్వర్ మీద ఇచ్చేది. ‘ఆన్ అడ్మిషన్స్.*’ అని ఇస్తే పడదు, ‘ఆన్ *.*’ అనే ఇవ్వాలి. అది ఉన్న యూజర్ సర్వర్‌లో ఆ క్షణంలో నడిచే అందరి క్వెరీలూ చూడగలడు. బ్యాకప్ యూజర్‌కు అంత అవసరం లేదు. ఆదేశంలో ‘--నో-టేబుల్‌స్పేసెస్’ చేర్చండి, సరిపోతుంది. మామూలు ఇన్నోడీబీ రకం టేబుళ్లున్న చోట దీనివల్ల పోయేదేమీ లేదు.

ఇంకో ఎర్రర్ కూడా దారిలో తగలొచ్చు: 1044, ‘వెన్ యూజింగ్ లాక్ టేబుల్స్’. మైఎస్‌క్యూఎల్‌డంప్ మామూలుగా టేబుళ్లకు తాళం వేసి చదువుతుంది, ఆ తాళానికీ హక్కు కావాలి. ‘--సింగిల్-ట్రాన్సాక్షన్’ పెడితే తాళం అవసరం ఉండదు, అడ్మిషన్ల రోజుల్లో కౌంటర్ల దగ్గర పని కూడా ఆగదు. అయితే ఇది ఇన్నోడీబీ టేబుళ్లకే నమ్మకం. పాత మైఐశామ్ రకం టేబుళ్లుంటే డంప్ నడుస్తుండగానే వాటిలో డేటా మారిపోవచ్చు.

ఇక మీ ఉత్తరంలో లేని సంగతి ఒకటి. మమ్మల్ని అడిగితే అసలు భయపడాల్సింది దానికే. ఎర్రర్ కనపడితే అదృష్టం. మైఎస్‌క్యూఎల్‌లో కొన్ని హక్కులు లేకపోతే ఎర్రరే రాదు, ఆ వస్తువు నిశ్శబ్దంగా డంప్ నుంచి తప్పుకుంటుంది. ‘ట్రిగ్గర్’ హక్కు లేని యూజర్‌కు ట్రిగ్గర్లు (టేబుల్ మారగానే వాటంతటవే నడిచే ఆదేశాలు) ఉన్నట్టే తెలియదు, కాబట్టి అవి ఫైలులోకి రావు. ఒక టేబుల్ మీద ఏ హక్కూ లేకపోతే ఆ టేబుల్ జాబితాలోనే ఉండదు. ఫీజు కట్టగానే బాకీ తగ్గించే ట్రిగ్గర్ ఉందనుకోండి. రీస్టోర్ చేశాక డేటా అంతా ఉంటుంది, బాకీలు మాత్రం తగ్గవు. అందుకే బ్యాకప్ యూజర్‌కు టేబుల్ టేబుల్‌కూ విడిగా కాకుండా డేటాబేస్ మొత్తం మీద ‘సెలెక్ట్, షో వ్యూ, ట్రిగ్గర్, ఈవెంట్’ నాలుగూ ఇవ్వండి. స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్‌లోనే దాచిన ప్రోగ్రాములు), ఈవెంట్లు (వేళకు నడిచే పనులు) అడగనిదే డంప్‌లోకి రావు. ‘--రొటీన్స్’, ‘--ఈవెంట్స్’ చేర్చాలి. ప్రొసీజర్ల లోపలి కోడ్ చదవడానికి 8.0.20 నుంచి ‘షో_రొటీన్’ అనే హక్కు వేరే ఉంది. అదీ ‘*.*’ మీదే ఇవ్వాలి.

ప్రశ్న: గద్వాల చీరల ఆన్‌లైన్ దుకాణం. ఉబుంటు సర్వర్. ‘సుడో మైఎస్‌క్యూఎల్‌డంప్’ను, ఫైలు కుదించే జీజిప్‌కు పంపి ఫైలు చేస్తాం. చేత్తో చేస్తే వస్తుంది. వేళకు పనులు నడిపే క్రాన్‌లో రాత్రి రెండు గంటలకు పెడితే ప్రతిరోజూ ఫైలు తయారవుతోంది కానీ సైజు 20 బైట్లే. లాగ్‌లో ఏమీ లేదు.

జవాబు: 20 బైట్లు అన్న అంకెలోనే జవాబుంది. జీజిప్‌కు లోపలికి ఏమీ పంపకపోయినా అది ఊరుకోదు. తల 10 బైట్లు, ఖాళీ ముద్ద 2, తోక 8, మొత్తం 20 బైట్ల ఫైలు చేసి పెడుతుంది. అంటే ఎడమ పక్కన ఉన్న డంప్ ఒక్క అక్షరం కూడా ఇవ్వలేదు.

ఎందుకంటే సుడో, అంటే రూట్ హక్కుతో ఆదేశం నడిపేది. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ రూట్‌కు పాస్‌వర్డ్ బదులు ఆపరేటింగ్ సిస్టమ్ రూట్‌నే నమ్మే పద్ధతి ఉంటుంది, అందుకే సుడోతో పని జరుగుతోంది. చేత్తో చేసినప్పుడు సుడో పాస్‌వర్డ్ మీరు కొడతారు, లేదా కాసేపటి క్రితం కొట్టినది దానికి గుర్తుంటుంది. రాత్రి రెండింటికి కొట్టేవాళ్లెవరు? టెర్మినల్ లేదని సుడో అలిగి వెళ్లిపోతుంది, జీజిప్ ఖాళీ డబ్బాకు మూత పెడుతుంది. వరుసలో చివరి ఆదేశం జీజిప్, అది సక్రమంగానే ముగిసింది కాబట్టి మొత్తం పని సక్రమమనే షెల్ లెక్క.

సుడోను తీసేయండి. మైఎస్‌క్యూఎల్‌లో బ్యాకప్‌కు ప్రత్యేక యూజర్ చేసి, పై జవాబులో చెప్పిన హక్కులివ్వండి. పాస్‌వర్డ్‌ను ఆదేశంలో రాయొద్దు, ‘పీఎస్’ కొట్టిన వాళ్ల కంట పడే అవకాశం ఉంది. క్రాన్ నడిపే యూజర్ హోమ్ ఫోల్డర్‌లో ‘.మై.సీఎన్ఎఫ్’ ఫైలు పెట్టి, ‘[క్లయింట్]’ శీర్షిక కింద యూజర్, పాస్‌వర్డ్ రాసి, ‘సీహెచ్‌మోడ్ 600’ చేయండి. స్క్రిప్టు బ్యాష్‌లో రాస్తే రెండో వరుసలోనే ‘సెట్ -ఓ పైప్‌ఫెయిల్’ ఉండాలి. అప్పుడు ఎడమ పక్కన పడిపోయినా మొత్తం పడిపోయినట్టే లెక్క.

క్రాన్ నడిపే యూజర్‌ను కూడా మారిస్తే ఇంకో ఎర్రర్ రావచ్చు, ఈసారి ఫోల్డర్ నుంచి: ‘పర్మిషన్ డినైడ్’. ఇంతకాలం సుడో ఉన్నా ఫైలు రాసింది రూట్ కాదని గమనించండి. ఫలితాన్ని ఫైలులోకి పంపే ‘>’ గుర్తు పని షెల్‌ది, ముందుండే సుడో దాన్ని తాకదు. కనుక ఫోల్డర్ క్రాన్ నడిపే యూజర్‌దే అయ్యుండాలి. ‘సీహెచ్‌ఓన్’తో యజమానిని మార్చి, ‘సీహెచ్‌మోడ్ 750’ చేయండి. 777 (అందరికీ అన్ని హక్కులు) మాట ఎత్తొద్దు, అందులో మీ కస్టమర్ల అడ్రసులున్నాయి. ఫోల్డర్ సరిగ్గానే ఉన్నా దారిలోని పై ఫోల్డర్లలో ఒక్కదానికి ‘ఎక్స్’ (లోపలికి వెళ్లే హక్కు) లేకపోయినా లోపలికి పోలేం. ‘నేమ్‌ఐ -ఎల్’ అని కొట్టి పూర్తి దారి ఇస్తే ఒక్కో మెట్టు హక్కులు ఒక్కో వరుసలో చూపిస్తుంది, ఎక్కడ తెగిందో కంటికి కనిపిస్తుంది. గమ్యం ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్ అయితే సీహెచ్‌ఓన్, సీహెచ్‌మోడ్ ఏవీ పనిచేయవు. మౌంట్ చేసేటప్పుడే ‘యూఐడీ=’ ఇవ్వాలి.

ఫైలు పేరులో తేదీ కోసం శాతం గుర్తు వాడుతుంటే, నేరుగా క్రాన్‌ట్యాబ్‌లో రాయకండి. క్రాన్‌కు శాతం అంటే కొత్త వరుస, ఆదేశం అక్కడే తెగిపోతుంది. స్క్రిప్టు ఫైలులో రాస్తే ఈ బాధ లేదు. పొద్దున్నే చూడాల్సింది సైజు ఒక్కటే కాదు. ‘జెడ్‌క్యాట్’తో తెరిచి చివరి వరుస చూడండి. ‘డంప్ కంప్లీటెడ్ ఆన్’ అని, పక్కన తేదీ ఉండాలి. ఆ వరుస లేకపోతే డంప్ మధ్యలో తెగింది.

ప్రశ్న: దేవరకొండ నుంచి. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా మైఎస్‌క్యూఎల్ 1045 (యాక్సెస్ డినైడ్) అంటోంది. ఆఫీసులోని ఇంకో కంప్యూటర్ నుంచి అదే పాస్‌వర్డ్ పనిచేస్తోంది.

జవాబు: మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ అంటే పేరు ఒక్కటే కాదు, పేరు, వచ్చిన చోటు కలిపి. ‘బ్యాకప్@లోకల్‌హోస్ట్’, ‘బ్యాకప్@%’ ఇద్దరు వేర్వేరు మనుషులు, పాస్‌వర్డ్‌లూ వేరు కావొచ్చు. రెండూ ఉన్నప్పుడు సర్వర్ మీద నుంచే వస్తే లోకల్‌హోస్ట్ వాడికే పిలుపు. ఎర్రర్ వాక్యంలో ‘@’ తర్వాత ఏముందో చూసి, ఆ చోటుకు సరిపోయే ఖాతాకు పాస్‌వర్డ్ సరిచేయండి. చివర ‘యూజింగ్ పాస్‌వర్డ్: నో’ అని ఉంటే మాత్రం మీ పాస్‌వర్డ్ అసలు అక్కడికి చేరనే లేదు.

ప్రశ్న: వనపర్తిలో ఒక ల్యాబ్‌కు సాఫ్ట్‌వేర్ చూసుకుంటాను. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 15. బ్యాకప్ రోల్‌కు (పోస్ట్‌గ్రెస్‌లో ఖాతాను రోల్ అంటారు) ‘గ్రాంట్ సెలెక్ట్ ఆన్ ఆల్ టేబుల్స్’ ఇచ్చాను, ఆరు నెలలు బాగా నడిచింది. మొన్న అప్లికేషన్ అప్‌డేట్ తర్వాత, బ్యాకప్ తీసే పీజీ_డంప్ ‘పర్మిషన్ డినైడ్ ఫర్ టేబుల్’ అని ఆగిపోతోంది.

జవాబు: ‘ఆల్ టేబుల్స్’ అన్న మాట మోసం చేస్తుంది. దానర్థం ఆ క్షణాన ఉన్న టేబుళ్లన్నీ అని, రేపు పుట్టబోయేవి అందులో లేవు. అప్‌డేట్ కొత్త టేబుల్ చేసింది, దాని మీద మీ రోల్‌కు ఏమీ లేదు. పీజీ_డంప్ మొదలవగానే అన్ని టేబుళ్లకూ ‘యాక్సెస్ షేర్’ తాళం అడుగుతుంది, ఒక్కటి కాదంటే మొత్తం ఆపేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లా ఉన్నంత మూట కట్టదు. మాకు ఈ మొండితనమే నచ్చుతుంది.

మీది 15 కాబట్టి పని తేలిక. 14 నుంచి ‘పీజీ_రీడ్_ఆల్_డేటా’ అనే సిద్ధమైన రోల్ ఉంది. దాన్ని మీ బ్యాకప్ రోల్‌కు గ్రాంట్ చేస్తే టేబుళ్లు, వ్యూలు, సీక్వెన్సులు (వరుస నంబర్లు ఇచ్చేవి) చదవడం, స్కీమాల్లోకి ప్రవేశం, కొత్తగా పుట్టేవాటితో సహా వచ్చేస్తాయి. 13 లేదా అంతకు పాతవి వాడేవాళ్లు ‘ఆల్టర్ డీఫాల్ట్ ప్రివిలేజెస్’ వాడాలి. అందులో ‘ఫర్ రోల్’ తర్వాత టేబుళ్లను సృష్టించే అప్లికేషన్ రోల్ పేరు రాయాలి. అది వదిలేస్తే ఆదేశం ఎవరు కొట్టారో వాళ్లు చేసే టేబుళ్లకే వర్తిస్తుంది, అప్లికేషన్ చేసేవాటికి కాదు. సీక్వెన్సులకు విడిగా ఇవ్వడం మరవద్దు.

ఆ తర్వాత ‘క్వెరీ వుడ్ బి ఎఫెక్టెడ్ బై రో-లెవెల్ సెక్యూరిటీ’ అని వస్తే, టేబుల్ మీద వరుసల కాపలా ఉందన్నమాట. కొన్ని వరుసలే రాసి బ్యాకప్ అయిందనడం కన్నా ఆగడమే మేలని పీజీ_డంప్ తలుస్తుంది. బ్యాకప్ రోల్‌కు ‘బైపాస్‌ఆర్‌ఎల్ఎస్’ ఇవ్వాలి, పైన చెప్పిన రోల్‌లో అది కలిసి లేదు. ‘.పీజీపాస్’ ఫైలు హక్కులు 600 కన్నా వదులుగా ఉంటే పోస్ట్‌గ్రెస్ దాన్ని పక్కన పెట్టేసి పాస్‌వర్డ్ అడుగుతుంది, అదీ ఒకసారి చూసుకోండి. ‘కుడ్ నాట్ చేంజ్ డైరెక్టరీ టు రూట్’ అని వస్తే మాత్రం పట్టించుకోకండి, ఊరికే గొణుగుడు.

ప్రశ్న: నారాయణపేట. మైఎస్‌క్యూఎల్ బ్యాకప్ బాగా వచ్చింది. కొత్త హోస్టింగ్‌లో ఎక్కిస్తుంటే 1227, ‘సూపర్ ప్రివిలేజ్ కావాలి’ అంటోంది.

జవాబు: డంప్ ఫైలులో వ్యూలు, ట్రిగ్గర్ల ముందు ‘డిఫైనర్=రూట్@లోకల్‌హోస్ట్’ అని రాసి ఉంటుంది. ఇంకొకరి పేరు మీద వస్తువు సృష్టించాలంటే పెద్ద హక్కు కావాలి, షేర్డ్ హోస్టింగ్‌లో అది ఇవ్వరు. ఫైలు నకలు తీసుకుని, ఆ నకలులో ‘సెడ్’తో డిఫైనర్ ముక్కను మాత్రం తీసేసి ఎక్కించండి, ఎక్కించిన యూజరే యజమాని అవుతాడు. ఎర్రర్ ఫైలు మొదట్లోనే, ‘జీటీఐడీ_పర్జ్‌డ్’ ఉన్న వరుస దగ్గర వస్తే కారణం వేరు. పాత సర్వర్‌లో ‘--సెట్-జీటీఐడీ-పర్జ్‌డ్=ఆఫ్’ పెట్టి మళ్లీ డంప్ తీయండి.